ఒక్క గరిటె ఉలవచారు

ఇది జరిగినప్పుడే రాద్దామంటే నాకు అక్షరాలు రావు. నేర్పుతానని మా తోడికోడలు పెళ్ళై వచ్చిన కొత్తలోనే అంది. వయసులో చిన్నది. తన ముందు పలక పట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేకపోయింది. యాభై దాటాక, మా వీధిలో ట్యూషన్లు చెప్పే అమ్మాయి దగ్గర, పిల్లలంతా వెళ్ళిపోయాక దిద్దుకున్నాను. అందుకే ఇంత ఆలస్యం.

బెంజ్ సర్కిల్‌కి కాస్త లోపలగా మాది మేడ ఇల్లు. కింద మేమిద్దరం, పైన మరిదివాళ్ళు. ఉయ్యూరు నుంచి మా అత్తగారు వచ్చాక పడక మా దగ్గర, భోజనం ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ. ఆవిడ బుద్ధి ఎప్పుడూ మెట్ల వైపే పోయేది. మోకాళ్ళ నొప్పులని వీధి చివరిదాకా కూడా రాని మనిషి, అన్నం వేళకి రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే ఆ చప్పుడు నా వంటింట్లోకి వినబడేది.

ఆవిడని కింద కూర్చోబెట్టాలని వంటలు పెంచాను. ఒక కూర చేసే చోట రెండు, పప్పుతోపాటు పులుసు. బియ్యం కొలిచాక, ఎవరైనా వస్తారేమోనని మా అమ్మ వేసినట్టే ఇంకో గుప్పెడు. మిగిలినవి ఫ్రిజ్‌లోకి, అక్కడ వెనక్కీ వెనక్కీ జరిగి చివరికి ఆకుపచ్చ బకెట్లోకి.

ఒకసారి పైన తిన్న ఉలవచారు బాగుందన్నారు అత్తగారు. ఆ రాత్రే ఉలవలు నానబోసి మర్నాడు పెద్ద గిన్నెడు కాచాను. ఒక్క గరిటె వేయించుకుని, "బాగుందమ్మాయ్" అని లేచారు. నాలుగో రోజుకి అది పులిసి బుడగలొచ్చింది.

చెత్తబండి ఆవిడ మా బకెట్ ఎత్తబోయి మళ్ళీ కింద పెట్టింది.

"ఏంటమ్మా, మీ ఇంట్లో ఫంక్షనా? నాకు చెప్పనేలేదు!"

పైవాళ్ళ బకెట్‌ని వేలికి తగిలించుకుని చూపించింది. "ఈళ్ళది చూడండి. బీరకాయ తొక్కే."

మెట్ల మీద తోడికోడలు నవ్వింది. "అదీ పచ్చడి చేద్దామనుకున్నా. అత్తయ్యే వద్దన్నారు."

నాకు ఒళ్ళు మండింది. నవ్వినందుకు కాదు. 'అత్తయ్యే వద్దన్నారు' అని అంత తేలిగ్గా నేనెప్పుడూ అనలేదు.

ఆ సాయంత్రం పైకి వెళ్ళాను. ముసలావిడకి మిగిలిపోయినవి పెడుతోందేమో, కళ్ళారా చూసి మా ఆయనకి చెప్పాలని. గుమ్మం దగ్గరే మాటలు వినబడ్డాయి.

"అత్తయ్యా, రాత్రికి అన్నం తింటారా, మజ్జిగతో సరిపెడతారా? పొద్దుటి బీరకాయ కొంచెం ఉంది."

"అదే వెయ్యి. గుప్పెడన్నం చాలు."

నిజంగా పొద్దుటి కూరే. ఆవిడే వేయించుకుంటున్నారు.

నా నోరు ఆగలేదు. "కింద రెండు కూరలు చేసి కూర్చుంటే, మిగిలింది తినడానికి ఇన్ని మెట్లెక్కుతారా?"

అత్తగారు తిరిగి చూశారు. "ఇది అడుగుతుందే. నువ్వు అడగవు, పెట్టేస్తావు. వద్దంటే మొహం మాడ్చుకుంటావు. ఆ కంచం ఖాళీ చెయ్యలేకే ఇక్కడికొస్తున్నా."

"అడిగితే, పెట్టడం ఇష్టం లేక అడిగాననుకోరూ?"

"చుట్టాలు అనుకుంటారు. నేను చుట్టాన్నా?"

మా పుట్టింట్లో గడప తొక్కినవాళ్ళని తింటారా అని అడగరు. కాళ్ళు కడుక్కోమని కంచం పెట్టేస్తారు. ఇన్నేళ్ళూ అత్తగారికి అదే మర్యాద చేశాను. మా ఇంట్లో ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుంటారు. ఇక్కడ కాళ్ళు బారచాపుకుని ఉన్నారు.

తోడికోడలు గిన్నెలోకి చూసి, "అక్కా, మీరూ తింటారా? ఒక్క మనిషికి సరిపోతుంది" అంది.

నన్నూ అడిగింది! ఆకలిగానే ఉంది. వద్దని దిగివచ్చాను. పైన ఇద్దరూ నవ్వుకోవడం వినబడింది. నా గురించి కాకపోయి ఉండొచ్చు.

మర్నాడు పొద్దున అత్తగారు కాఫీ తాగుతుంటే, బియ్యం కొలిచే గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను.

"అత్తయ్యా, మధ్యాహ్నం ఇక్కడ తింటారా?"

అడగడానికి సిగ్గేసింది.

"మధ్యాహ్నం పైన చెప్పేశానే. రాత్రికి తింటా, గుప్పెడు చాలు. ఆ ఉలవచారు ఇంకా ఉందా?"

"పారబోశాను."

"అయ్యో" అన్నారు, నిజంగానే.

ఇద్దరికి సరిపడా బియ్యం కొలిచాను. అలవాటుగా చెయ్యి మళ్ళీ డబ్బాలోకి పోయింది. ఆ గుప్పెడు వెనక్కి వేసి మూత పెట్టాను, పైకి వినబడేంత గట్టిగా.