నలభై ఏడేళ్లకు అత్త నేర్పిన ఈత

రెండో పీరియడ్ ముగించుకుని స్టాఫ్ రూములోకి వచ్చేసరికి ఫోన్లో మా బావవి నాలుగు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. బడి వేళలో ఫోన్ చేసే మనిషి కాదాయన. తిరిగి చేస్తే, "పాపా, అమ్మ పోయింది" అన్నాడు. పొద్దున మిద్దె మీద మిరపకాయలు ఆరబోసి, గంజి తాగి, వసారాలో కాసేపు నడుం వాలుస్తానందట. మళ్లీ లేవలేదు. డెబ్బై నాలుగేళ్లు. నేను చేతిలో సుద్దముక్క పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

పోయినామె మా నాయన చెల్లెలు, నాకు మేనత్త. తమిళనాడులో పుదూరుకీ ఎట్టయాపురానికీ నడుమ ఉన్న మా ఊళ్లో, వాన పడితేనే పండే నల్లరేగడిలో పత్తీ మిరపా వేసుకుని బతికింది. ఆమె గురించి లోకానికి చెప్పవలసింది పెద్దగా లేకపోవచ్చు. నాకు మాత్రం ఉంది. నలభై ఏడేళ్ల వయసులో నేనొక ట్రయాథ్లాన్ పూర్తిచేశాను. అత్త లేకపోతే అది జరిగేది కాదు. మాకు తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాషే కానీ చదువుకున్న భాష కాదు. పెళ్లయిన కొత్తలో చిత్తూరులో ఉన్నప్పుడు పట్టుబట్టి అక్షరాలు నేర్చుకున్నాను. అత్త మాటలు అత్త నోట వచ్చినట్టే ఉండాలని ఇది తెలుగులో రాస్తున్నాను.

విరుదునగర్‌లో నేను లెక్కల టీచర్ని. షుగర్ వచ్చేలా ఉంది, నడవమని డాక్టరమ్మ చెబితే నడక మొదలుపెట్టాను. కొన్నాళ్లకు నడక పరుగైంది. గ్రౌండులో నాతోపాటు పరిగెత్తే మా బడి డ్రిల్ టీచర్ ఒకరోజు, "తూత్తుకుడిలో ట్రయాథ్లాన్ ఉంది, పేరిద్దామా?" అంది. ముప్పావు కిలోమీటరు సముద్రంలో ఈత, ఇరవై కిలోమీటర్లు సైకిలు, అయిదు కిలోమీటర్ల పరుగు. మూడూ ఒకదాని వెంట ఒకటి, మధ్యలో ఆగకూడదు. సరే అనేశాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నాకు ఈత రాదని.

అసలు రావలసిందే. నాకు పదేళ్లప్పుడు అత్త తన పొలం బావిలో నేర్పడం మొదలుపెట్టింది. నాలుగు రోజులు కాకముందే మా నాయన వచ్చి, "ఆడపిల్లకి ఇదంతా ఎందుకు?" అని నన్ను ఇంటికి లాక్కుపోయాడు. అన్నకు ఎదురు చెప్పని కాలం, అత్త ఊరుకుంది. ఆ తరవాత నీళ్లంటే నాకు ఏదో జంకు పట్టుకుంది. పిల్లల్ని బీచికి తీసుకెళ్లినా చీలమండలు దాటి దిగేదాన్ని కాదు.

ఆ ఆదివారం బస్సెక్కి ఊరికి వెళ్లాను. అత్త పెరట్లో కూర్చుని మినుములు చెరుగుతోంది. విషయం చెప్పాను.

"మూడు పందేలా? ఒకే దినమా?" అంది, చేట ఆపకుండానే. "సైకిల్ ఎవురు నేర్పినారు?"

"నాయనే."

"ఈత నేర్పనీలేదు గదా." చేట పక్కన పెట్టి లేచింది. "దా, తాయీ. మిగిలింది ముగిద్దాం."

చిన్నప్పటి నుంచీ నన్ను 'తాయీ' అనే పిలిచేది. మా వైపు ముద్దుగా పిలిచే తమిళ మాట అది. ముప్పై ఏడేళ్ల కింద ఆగిపోయిన పాఠాన్ని, నిన్న వదిలేసినట్టు ఎత్తుకుంది.

అప్పుడు కార్తీక మాసం. వానలు పడి బావి మెట్ల దాకా నిండి ఉంది. ఒక తాడు నా నడుముకు కట్టి, రెండో కొన తన చేతికి చుట్టుకుని, మోకాళ్ల లోతు మెట్టు మీద నిలబడింది. నేను చుడీదారుతో దిగి, నీళ్లు గడ్డానికి తగలగానే మెట్టును వాటేసుకున్నాను.

"మూచ్చు బిగబట్టొద్దు. విడువు. నోట్లోంచి బుడగలు పోనీ" అంది. ఊపిరిని ఆమె ఎప్పుడూ మూచ్చు అనే అనేది.

"బయమేస్తుందత్తా."

"వెయ్యనీ. బయపడుకుంటానే విడువు."

మొదటి మూడు ఆదివారాలూ నాకు ఈత నేర్పనే లేదు. వెల్లకిలా పడుకోవడం నేర్పింది. తల వెనక అరచెయ్యి పెట్టి, "నీ బరువు నువ్వు మొయ్యొద్దు. అది నీ పని కాదు" అనేది. నాలుగోసారి చెయ్యి ఎప్పుడు తీసేసిందో నాకు తెలియలేదు. చెవుల నిండా నీళ్లు, పైన గుండ్రంగా ఆకాశం. "ఉండావే, పాపా! నీ అంతట నువ్వే ఉండావు!" అని ఆమె అరుస్తుంటే ఎక్కడో దూరాన వినిపించింది. ఆ తరవాతే చేతులు ఆడించనిచ్చింది. మా వైపు మాసి అనే మాఘమాసానికల్లా బావి చుట్టూ ఆగకుండా నలభై సార్లు తిరిగేదాన్ని.

అలసిపోయి మెట్ల మీద కూర్చున్నప్పుడు కబుర్లు చెప్పేది. వాటిలో ఒకటి ఇక్కడ చెప్పాలి. మామ పోయేనాటికి అత్తకు ముప్పై నాలుగేళ్లు. ఏడాది గడిచాక ఒక మధ్యాహ్నం, చేలో పని ముగించుకుని, ఒళ్లు మండిపోతుంటే ఈ బావిలోకి దూకిందట. గట్టున కలుపు తీస్తున్న ఒకామె చూసి గుండెలు బాదుకుంటూ కేకలు వేసింది. ఊరు ఊరంతా తాళ్లూ నిచ్చెనలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అత్త మునిగి లేచి చూసేసరికి బావి చుట్టూ జనం, మా నాయన భోరుమని ఏడుస్తున్నాడు.

"నేనేమనుకొంటిని తెలుసా? ఎవురో పడినారు అనుకొంటిని. యాడ, యాడ అని మళ్లీ మునిగి వెతికేకి పోయినాను."

ఇద్దరం పడీపడీ నవ్వాం. నవ్వడం ఆపి అత్త నీళ్ల వైపు చూస్తూ, "ఆడది బాయిలోకి దిగితే చచ్చేకే అనుకుంటారు తాయీ. ఈదేకి కూడా దిగుతుందని వాళ్లకి అలవాటు చెయ్యాల గదా" అంది.

అలవాటు చేసింది. మర్నాటి నుంచి రోజూ అదే వేళకు, అందరూ చూస్తుండగా దూకింది. నెల తిరిగేసరికి ఎవరూ తల తిప్పి చూడడం మానేశారట. ఈ మాట చెప్పిన రోజే నేను తాడు విప్పేసి ఈదాను. ఆమె చెప్పకముందే విప్పాను. ఆమె తాడు చుట్ట చుట్టి మోటారు రూములో పెట్టేసింది.

పందెం రోజు తనూ వస్తానని పట్టుబట్టింది. బావ ముందురోజే కోవిల్‌పట్టి మీదుగా తూత్తుకుడికి తీసుకొచ్చాడు. దారిలో కొన్న పల్లీ మిఠాయి పొట్లం నా చేతిలో పెట్టి, "సైకిల్ మీద నములు" అంది. బిగుతు బట్టల్లో నన్ను ఎగాదిగా చూసి, "పైట లేకుంటే ఈదేది సులువుగానే ఉంటుంది" అని మాత్రం అంది.

విజిల్ వేయగానే వందమంది ఒక్కసారి నీళ్లలో పడ్డాం. బావిలో నేనొక్కదాన్నే. ఇక్కడ చుట్టూ చేతులు, కాళ్లు. ఎవరిదో మడమ నా ముఖానికి తగిలి ఈత కళ్లద్దాలు ఊడిపోయాయి. ఉప్పునీళ్లు మింగాను. కింద నేల అందలేదు. ఇక అయిపోయిందనుకున్నాను. కాపలా పడవ దగ్గరికి తెచ్చి ఒకాయన, "ఎక్కమ్మా, పరవాలేదు" అని తమిళంలో చెయ్యి చాపాడు. ఎక్కితే పందెం అక్కడితో సరి.

"వద్దన్నా" అన్నాను. వెల్లకిలా తిరిగి పడుకున్నాను. ఊపిరి వదిలాను. అలలు ఎత్తుతున్నాయి, దించుతున్నాయి. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. గుండె దడ తగ్గాక బోర్లా తిరిగి ఈదడం మొదలుపెట్టాను. ముందు ఒక్కరూ లేరు. అందరూ వెళ్లిపోయారు.

ఒడ్డున ఏం జరిగిందో బావ తరవాత చెప్పాడు. అందరూ వచ్చేశారనుకుని అధికారి ఈత ముగిసినట్టు జెండా దించబోయాడట. ఇల్లు దాటితే తమిళం తప్ప మాట్లాడని అత్త, ఆ గాబరాలో తెలుగులోనే అరిచిందట: "ఇంగా ఒకతె ఉండాది! దించొద్దు!" ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యేదాకా ఆగకుండా అత్త వెళ్లి నీటి అంచున పాతిన జెండా కర్రను రెండు చేతులా పట్టుకుందట. గడువు ఇంకా ఉంది. నేను ఇసుక మీదికి పాకుతూ వచ్చేసరికి ఆమె చీర మోకాళ్ల దాకా తడిసి, కర్ర పట్టుకునే నిలబడి ఉంది.

"పో, పో! సైకిల్ యాడుందో చూడు!" అంది.

ఉప్పు మడుల పక్క రోడ్డు మీద ఎదురుగాలి. మిఠాయి నములుతూ తొక్కాను. పరుగులో ఎడమ మోకాలు పట్టేసి చివరి రెండు కిలోమీటర్లు సగం నడిచాను, సగం పరిగెత్తాను. చివరి నుంచి రెండోదాన్ని. మెడలో పతకం వేస్తే ఎందుకో ఏడుపు ఆగలేదు. తెచ్చి అత్త చేతిలో పెట్టాను. తిప్పి చూసింది.

"ఓడినోళ్లకి కూడా ఇస్తారా?"

"ముగించినోళ్లందరికీ ఇస్తారత్తా."

"అట్లయితే మంచి పందెమే" అని తిరిగి నా మెడలోనే వేసింది.

నా జీవితంలో నాకు దొరికినవాటిలో కొన్నింటికి ఎవరికి చేతులెత్తి మొక్కాలో తెలియదు. దీనికి తెలుసు. ఆమెకు ఆ మాట చెప్పానా అంటే సరిగ్గా చెప్పలేదు. మా ఇళ్లలో అలా చెప్పుకోవడం అలవాటు లేదు. "కాళ్లు నొస్తాయి, వేన్నీళ్లు పోసుకో" అంది, "సరేనత్తా" అన్నాను, అంతే.

కానీ ఆ రోజు ఇంకొకటి జరిగింది. మధ్యాహ్నానికి పందెం వాళ్లు సామాన్లు సర్దుకుంటున్నారు. అత్త సముద్రం వైపే చూస్తూ కూర్చుంది. డెబ్బై రెండేళ్లలో సముద్రాన్ని చూసింది రెండు మూడుసార్లు, ఈదేందుకు దిగింది ఒక్కసారీ లేదు.

"నేనొకసారి పోయి వస్తా" అంది. చెవి కమ్మలు తీసి నా చేతికిచ్చి, కొంగు నడుముకు బిగించి, గోచీ దోపుకుంది. బావ "అమ్మా, వద్దు" అంటూనే ఉన్నాడు. అత్త మొదటి అల కిందుగా మునిగి అవతల తేలింది. అధికారి విజిల్ నోట్లో పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన నా వైపు, నీళ్ల వైపు చూసి, విజిల్ నోట్లోంచి తీసేశాడు.

అలలు విరగని చోటికి వెళ్లి అత్త వెల్లకిలా పడుకుంది. తెల్లటి జుట్టు విడిపోయి నీటి మీద పరుచుకుంది. రెండు కాళ్ల బొటనవేళ్లు పైకి కనిపిస్తున్నాయి. సముద్రం ఆమెను మెల్లగా ఎత్తుతోంది, మెల్లగా దించుతోంది. బావ తువ్వాలు పట్టుకుని నీళ్ల అంచుదాకా వచ్చాడు. ఆమెకు మాత్రం తిరిగి రావాలన్న తొందరేమీ ఉన్నట్టు లేదు.