చింతబొగ్గులో పండిన వెలుగు

సారు పోయారన్న కబురు నాకు అల్లం చేను గట్టు మీద తెలిసింది. విత్తనపు అల్లానికి అంటిన మన్ను దులుపుతున్నాను. మనుమరాలు ఫోను పట్టుకుని, కాళ్లకు చెప్పులైనా లేకుండా ఉరికొచ్చింది. "అవ్వా, మీ కాలేజీ సారు పోయిండంట. పొద్దుగాల, దవాఖానల." నేను ఏడవలేదు. చేతిలో ముక్కను బుట్టలో పెట్టి, రెండు చేతులూ శుభ్రంగా కడుక్కుని లేచాను. ఏ పని మొదలుపెట్టినా ముందు చేతులు కడగాలన్నది సారు గదిలో నియమం.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనుమరాలు రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయాలని, చివర్లో చదివి వినిపించాలని ఒట్టు పెట్టించుకున్నాను. ఎందుకంటే ఇది ఊరికే తలుచుకోవడం కాదు. చీకట్లో వెలిగే పొడిని సారు తన గదిలో తన కష్టంతో తయారు చేశారు. అది బజార్లో కొన్నదని ఒకప్పుడు ఒకరు అన్నారు. ఆ మాటను అప్పుడే పాతిపెట్టాం. సారు పోయిన మూడో రోజు, సంతాప సభలో, అది మళ్లీ లేచింది. సారు అబద్ధమాడలేదని చెప్పడానికి బతికున్న సాక్షిని నేనే. అందుకే ఈ రాత.

మా జహీరాబాద్ కాలేజీలో ఆయన ఫిజిక్స్ చెప్పేవారు. నేను ఊడ్చేదాన్ని. అంతకుముందు మా ఇంటాయనా నేనూ బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేసి బతికాం. ఆ పెట్టె ఒకసారి చేతి మీద పడి నా కుడి చిటికెన వేలు కాలింది. వంకరగా మానింది. ఆ వేలి సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

సారుది బీదర్ వైపు కుటుంబం. కోపం తెలియని మనిషి. ఆయనకు రావాల్సిన కోపం కూడా నాకే వచ్చేది. చాయ్ చల్లారేదాకా మాట్లాడి, అయ్యో చల్లారిపోయిందే అని నొచ్చుకునేవారు. నన్ను 'అక్కా' అనేవారు. రెండో వారంలోనే నా చేతికి నున్నటి రాతి కల్వం ఇచ్చి తెల్లపొడి నూరమన్నారు. రెండు గంటలు నూరాలి. పిల్లలు అరగంటకే చేతులు ఎత్తేసేవారు. నేను ఆపేదాన్ని కాదు.

ఒకరోజు అడిగాను. "సారూ, గింత తెల్లపొడిల గా చిటికెడు ఏం కలుపుతున్నరు? కండ్లకే ఆనుతలేదు."

"పాలల్ల తోడు ఎంతేస్తవక్కా?"

"జరంత."

"గంతే. కుండెడు పాలు పెరుగైతయి. ఇది గూడ తోడే. ఒకదాని పేరు యూరోపియం, ఇంకోదాని పేరు డిస్ప్రోసియం. ఒకటి వెలుగు ఇచ్చేది. ఇంకోటి వెలుగును దాచిపెట్టి, జర జర విడిచేది."

ఆ రెండు పేర్లూ నాకు నోటికొచ్చాయి. పేపరు చదివే మా ఆడపడుచు కొడుక్కి ఈనాటికీ రావు.

పొడిని మూసలో, అంటే కంసాలి బంగారం కరిగించేదాని లాంటి చిన్న గిన్నెలో పోసి, కరెంటు కొలిమిలో పొద్దున పెట్టి మర్నాడు తీసేవారు. దుకాణాల్లో దొంగ నోట్లు పట్టే నీలం లైటు ఉంటుంది కదా, దాని కింద చూసేవారు. ప్రతిసారీ ఎర్రగా వెలిగేది. లైటు ఆపితే అదీ ఆరిపోయేది. సారుకు కావలసింది ఆకుపచ్చ వెలుగు, లైటు ఆపినా నిలిచేది. అట్లా రెండు వానకాలాలు గడిచాయి.

"లోపటికి గాలి పోతుందక్కా," అన్నారొక రోజు, నుదురు పట్టుకుని. "గాలి తగిలితే ఎర్రగైతది. గాలి లేకుండ కాలాలె. దానికి పెద్ద నగరాలల్ల గ్యాసు పెడ్తరు. మన కాడ యాడిది? మూస సుట్టు బొగ్గులు పేర్చి గూడ సూసిన. బొగ్గే బూడిదైంది."

నాకు నవ్వొచ్చింది. "ఏం బొగ్గు వేసిన్రు?"

"బొగ్గంటే బొగ్గే గద."

"బొగ్గంటే బొగ్గేనా! మా అమ్మగారిల్లు మొగుడంపల్లి దిక్కు. మా నాయిన బొగ్గుల బట్టీ పెట్టేటోడు. మట్టిల ఇంత సందుంటే చాలు, పొద్దుగాలకు బూడిదే. సందు లేకుంటే బొగ్గు. మీరు మూత బోర్లించి ఊకున్నరు. అంచుకు మట్టి మెత్తలేదు."

మర్నాడు, నిదానంగా కాలే చింతబొగ్గు తెచ్చాను. పెద్ద గిన్నెలో బొగ్గు పొడి, దాని నడుమ చిన్న మూస, పైన మూత. గడ్డి తునకలు కలిపి పిసికిన మట్టితో అంచు చుట్టూ మెత్తి, వేలితో నొక్కి, ఎక్కడైనా సందుందేమోనని ఊది, చెవి పెట్టి విన్నాను. సారు వద్దనలేదు. చేతులు కట్టుకుని, బడికి కొత్తగా వచ్చిన పిల్లాడిలా నిలబడ్డారు.

తీసిన రోజున గది తలుపు మూసి నీలం లైటు కింద పెట్టారు. మూసలో ఆకుపచ్చ. లైటు ఆపినా ఆకుపచ్చ. నేను వంద లెక్కపెట్టాను, మళ్లీ వంద. ఆరలేదు. సారు నేల మీద చతికిలబడి, "అక్కా, నిలిచింది" అన్నారు. నేను గదిలోంచి ఉరికి పోయి అందరికీ చెప్పొచ్చాను. ఆయన చెప్పేవారు కాదు మరి.

తప్పు కూడా చెప్పాలి. ఆ పొడి మీద బొగ్గు మసి కనిపించి నాకు మనసొప్పలేదు. సారు లేనప్పుడు బియ్యం కడిగినట్టు మూడు నీళ్లు పోసి కడిగి ఆరబెట్టాను. వెలుగు పోయింది. నీళ్లంటే దానికి పడదట. వారం రోజుల పని. సారు ఆ గిన్నెను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర తిప్పి చూశారు. నేనే అన్నాను, "తిట్టుర్రి సారూ, తిట్టకపోతే నాకు అన్నం దిగదు."

"తిట్టుడెందుకక్కా. నీళ్లకు ఆగదని పుస్తకంల సదివిన, కండ్లతోని సూడలే. ఇయ్యాల సూపిచ్చినవు."

తర్వాతి పొడిని నీళ్లు చొరని గాజులాంటి జిగురులో కలిపి ఒక రేకు పళ్లెం మీద పూశారు. సరిగ్గా అప్పుడే నేను జీతం రిజిస్టరులో వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలిని చీర కొంగుకు తుడుచుకుంటూ వచ్చాను. సారు చూశారు. పళ్లెం కిటికీ ఎండలో పెట్టి, "చెయ్యి ఆనించు" అన్నారు. ఆనించాను. కాసేపటికి తలుపులు, కిటికీలు మూసేశారు.

పళ్లెం ఆకుపచ్చగా వెలుగుతోంది. నడుమ నల్లగా నా చెయ్యి! ఐదు వేళ్లు, వంకర చిటికెన వేలుతో సహా.

"సారూ, గిదేంది? నా చెయ్యి నా కాడనే ఉంది గద!"

"చెయ్యి అడ్డమొచ్చిన కాడ పొడికి ఎండ అందలే. అందిన కాడ తిన్నది, ఇప్పుడు ఇస్తున్నది. ఆ వేలు సూడు. గిసుంటి సంతకం ఈ కాలేజీల ఇంకెవరన్న పెడ్తరా?"

ఆ తర్వాత రిజిస్టరు ముందు నేనెప్పుడూ తల దించలేదు.

ఇక ఆ మాట సంగతి. సారుకు డాక్టరు పట్టా, అదే పీహెచ్‌డీ, రావాలంటే పట్నం నుంచి ఒక పెద్దసారు వచ్చి గది చూసి ఒప్పుకోవాలి. వచ్చారు. మూలనున్న చిన్న కొలిమిని, పక్కనే నా చీపురును చూశారు. సీసాను వెలుతురులో తిప్పి, "ఇది బొమ్మల దుకాణంలో దొరికేదే కదా. ఈ గదిలో చేశారంటే నమ్మమంటారా?" అన్నారు.

మా సారు కాగితాల కోసం బల్ల వెతకసాగారు. ఆలోపు నేనే అన్నాను.

"సారూ, బొమ్మల దుకాణంల ఆకుపచ్చది దొరుకుతది. మేం గదే పిండిల కెల్లి ఎర్రది గూడ తీస్తం. మీరే కలుపుర్రి, మీరే నూరుర్రి, మీరే సగం సగం పంచుర్రి. ఒక సగం గాలికి కాలుస్తం, ఒక సగం బొగ్గుల కాలుస్తం."

"నువ్వెవరమ్మా?"

"ఊడ్చేదాన్ని."

ఆయన కోటు విప్పి కూర్చున్నారు, అది మాత్రం మెచ్చుకోవాలి. పావుగంటకే కల్వం ఆగింది. "ఏం సారూ, చెయ్యి గుంజుతుందా? ఇంకా శానా ఉంది," అన్నాను. మా సారు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. నేను మూత అంచుకూ మూత మీదా మట్టి మెత్తాక, నడుమ ఎవరూ తెరవకుండా, పెద్దసారు పచ్చి మట్టి మీద పెన్నుతో తన సంతకం గీశారు. కొలిమి గదికి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయారు.

మర్నాడు ఆయనే తీశారు. మట్టి ఇటుకలా కాలింది, సంతకం చెక్కు చెదరలేదు. నీలం లైటు కింద మూత లేని మూస ఎర్రగా మెరిసింది. బొగ్గులోది ఆకుపచ్చ. లైటు ఆపారు. ఎర్రది పోయింది. ఆకుపచ్చది ఉంది. పెద్దసారు ఉంది, ఉంది అని తనలో తనే అనుకుంటున్నారు. చివరికి నా వైపు తిరిగి, "బొగ్గు ఏ చెట్టుదమ్మా?" అని అడిగారు.

"చింత. గా బొగ్గు సంగతి తర్వాత చెప్త. ముంగట నిన్నటి మాట ఎనుకకు తీసుకోర్రి."

తీసుకున్నారు. అందరి ముందూ, చేతులు జోడించి. సారు అచ్చువేసిన పుస్తకంలో చివర నా పేరు కూడా ఉందట. నేను చదవలేను. అది ఎక్కడుందో, నా వేలు పట్టి దాని మీద పెట్టమని సారునే అడిగాను.

ఇప్పుడు సంతాప సభకు వద్దాం. ఆ ముందు రోజు సారు భార్య నన్ను పిలిచి బీరువాలోంచి ఒక మూట ఇచ్చింది. "వదినా, ఇవి నీయే. ఎవ్వరినీ ముట్టనియ్యకపోతుండె." అందులో ఆ పళ్లెం, కాలిన మట్టి మూత. పళ్లెం వెలుతురు తినకుండా నల్ల గొంగడిలో చుట్టుకుని కాలేజీకి తీసుకుపోయాను. హాల్లో సారు ఫోటోకు దండ. బయట చెరకు లారీల హారన్లు. ఒక కొత్త లెక్చరర్ మైకు పట్టుకున్నాడు. "సారు చాలా మంచివారు. పరిశోధన సంగతి పక్కన పెడదాం. ఆ పొడి బజారుదని అప్పట్లో అనుకున్నారట, అది వేరే విషయం."

నేను లేచాను. "వేరే ఇషయం ఎట్లయితది బిడ్డా? మంచోడు అంటివి, అబద్ధాలోడు గూడ అంటివి. రెండిట్ల ఒకటి ఎనుకకు తీసుకో."

మట్టి మూత తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను. "సదువుకున్నోనివి గద, సదువు. ఎవరి సంతకం?"

చదివాడు. పెద్దసారు పేరు పైకే చదివి, మళ్లీ మెల్లగా చదివాడు. ఆ పెద్దసారు ఎవరో వాళ్లందరికీ తెలుసు. "బజారుదన్న సారే తన చేతుల్తోని నూరి, ఈ మట్టి మీద పేరు గీసి, మర్నాడు తెరిసి ఆ మాట ఎనుకకు తీసుకుండు," అన్నాను. "అవ్వా, తప్పయింది," అన్నాడు, మైకులోనే. అందరికీ వినబడింది. నాకు కావలసింది అదే.

తర్వాత సంతాప పుస్తకంలో అందరూ సంతకాలు పెట్టారు. నా వంతుకు ఎవరో సిరా డబ్బా తెచ్చారు. తీసెయ్ అన్నాను. గొంగడి విప్పి పళ్లెం కిటికీ ఎండలో పెట్టి చెయ్యి ఆనించాను. సారు చూపినట్టే కాసేపు కదలలేదు. "ఇంగ కిటికీలన్ని మూయుర్రి. లైట్లు ఆర్పుర్రి."

మూశారు. సారు ఫోటో ముందు కుర్చీలో పళ్లెం నిలబెట్టాను.

"అవ్వా, ఎంతసేపుంటది?" అన్నాడు ఆ లెక్చరర్, నా పక్కకు వచ్చి.

"కూసోని సూడు."

కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. బయట చాయ్ చల్లారిపోతున్నా ఒక్కరూ లేవలేదు. ఆకుపచ్చ వెలుగు సారు ఫోటో అద్దం మీద పడింది. నడుమ నల్లగా ఐదు వేళ్లు, చివరి వేలు వంకర. నేను వంద లెక్కపెట్టాను. మళ్లీ వంద.