రిజిస్టరులో లేని గడి

సిగరెట్ మాన్పించడానికి డాక్టరు నాకు మాత్రలు రాసిచ్చింది మొదటి లాక్‌డౌన్‌కు సరిగ్గా రెండు రోజుల ముందు. నలభై ఏళ్ల అలవాటు, రోజుకు పదహారు. "ఇప్పుడు కొత్తగా వచ్చిన జబ్బు ఊపిరితిత్తులను పట్టేది. మీవి ఇప్పటికే సగం పాడయ్యాయి" అన్నాడాయన. మొదటి వారం మాత్ర వేసుకుంటూనే సిగరెట్ తాగవచ్చు. ఎనిమిదో రోజు పూర్తిగా ఆపాలి. మాత్ర మాత్రం పన్నెండు వారాలు సాగాలి. "మనసులో ఏ తేడా వచ్చినా వెంటనే ఫోన్ చేయండి. మీకు తెలియకపోవచ్చు, ఇంట్లో వాళ్లను అడగండి" అని కూడా అన్నాడు. ఆ మాట నేను రాసుకున్నాను. రాసుకున్నానని ఒప్పుకోవడమే ఇప్పుడు నాకు సిగ్గు.

మందుల దుకాణంవాడు పెట్టె విప్పి, అట్టలు మాత్రమే చేతిలో పెట్టాడు. లోపలి కాగితం ఏదని అడిగితే "వో కౌన్ పఢ్తా హై, కాకా?" అని, అదెవరు చదువుతారన్నట్టు నవ్వాడు. మనిషి మెదడును తాకే మందును పప్పుబెల్లాల్లా పంచే ఈ నిర్లక్ష్యం మీద ఆ రోజే రెండు పేజీల ఫిర్యాదు రాశాను. పంపేలోగా ఊరు మూతపడింది.

నేను స్టేషన్ మాస్టరుగా రిటైరైనవాణ్ణి. రిజిస్టరులో ఎక్కని బండి మా స్టేషను దాటలేదన్నట్టే. ముప్పై నాలుగేళ్లు ఆ నియమం మీదే బతికాను. అందుకే ఒక పొడుగు పుస్తకం తీసి, స్కేలు పెట్టి గీతలు గీశాను. తేదీ, మాత్ర వేసుకున్న వేళ, సిగరెట్లు, నాడి, జ్వరం, ఆక్సిజన్, నిద్ర. ఏడు గడులు.

మేముండేది తెలుగు నేలకు దూరంగా, మగ్గాల పేట భేస్తాన్‌లో, మూడంతస్తుల ఇంట్లో. కింది గదిలో సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చిన మగ్గం పనివాడు ఒక్కడే ఉండేవాడు. మగ్గాలు ఆగాయి, బళ్లు ఆగాయి, అతను ఇక్కడే చిక్కుకుపోయాడు. బీడీ తాగడానికి డాబా మీదికి వచ్చి, నాకు పది అడుగుల దూరంలో కూర్చునేవాడు.

"గోలి మింగుకుంట సిగరెట్ తాగుడేంది సారూ? గిదేం మందు?"

"ఇంకా రెండు రోజులు తాగవచ్చు. పద్ధతి అది."

"మంచిగున్నది పద్ధతి! నాకు గూడ రాయించున్రి. బీడీకట్ట దొరకక సస్తున్న."

ఎనిమిదో రోజున మూడో గడిలో సున్న వేశాను. తర్వాత అన్నీ సున్నలే, ఒకదాని కింద ఒకటి. రాత్రింబవళ్లు ఆడే మగ్గాల మోత ఆగిపోవడంతో ఊరు ఊపిరి బిగబట్టినట్టుండేది. ఆ నిశ్శబ్దం చెవుల్లోంచి లోపలికి దిగి కూర్చుంటున్నట్టు అనిపించేది. దాన్ని ఎక్కడ రాయాలో తెలియక రాయలేదు.

నాలుగో వారంలో నా భార్య అంది: "ఏమండీ, మీరు మీరులా లేరు."

"ఎప్పటి నుంచి? ఏ వేళకు? ఊరికే అనడం కాదు, రాసి చూపించు!" అని అరిచాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

డాక్టరు వారానికోసారి ఫోన్ చేసేవాడు. మనసెలా ఉందని అడిగితే, పుస్తకం తిరగేసి "ఏమీ నమోదు కాలేదు" అని చెప్పేవాణ్ణి. పొయ్యి దగ్గర నా భార్య గరిటె చప్పుడు ఆగేది.

అయిదో వారంలో ఒక ఉదయం డాబా అంచున పిట్టగోడ మీద రెండు చేతులూ ఆనించి నిలబడి ఉన్నాను. మెట్లు ఎప్పుడు ఎక్కానో గుర్తు లేదు. వెనక నుంచి మెల్లగా పిలుపు వినిపించింది.

"సారూ, జర ఇటు రాన్రి. చాయ్ పెట్టిన."

కింది గది మనిషి. ఎప్పుడూ ఉండే పది అడుగుల దూరం ఆ రోజు లేదు. చెయ్యి చాపితే నా చొక్కా అందేంత దగ్గరగా ఉన్నాడు.

"గాలి కోసం వచ్చాను" అన్నాను.

"గాలికొస్తే చెప్పులెందుకు ఇడిషిన్రు సారూ?"

కిందికి చూశాను. నా చెప్పులు గోడ పక్కన జతగా, తిన్నగా పెట్టి ఉన్నాయి.

"మూడొద్దుల సంది జూస్తున్న. గిదే జాగ, గిదే తీరు. మీ ఇంట్ల అమ్మ చెప్పింది జూస్తుండుమని. బీడీ లేకున్నా పొద్దుగాలనే వచ్చి కూసుంటున్న."

అబద్ధమన్నాను. రుజువు చూపిస్తానని కిందికి దిగి పుస్తకం తెరిచాను. ఆ మూడు రోజులూ ఉన్నాయి. మాత్ర వేళకు పడింది, నాడి సరిగా ఉంది, సిగరెట్లు సున్న, నిద్ర ఆరు గంటలు. నా అక్షరాలు ఎక్కడా వణకలేదు. జ్వరాన్ని చుక్క తర్వాతి అంకెతో సహా ఎక్కించినవాణ్ణి, దీపం లేకుండా ఒక బండి మూడు రోజులుగా నా స్టేషను దాటిపోతుంటే దానికి గడే గీయలేదు.

నా భార్యే డాక్టరుకు ఫోన్ కలిపింది. "మాత్ర వల్లనో, పొగ మానినందుకో, ఇంట్లో బందీ అయినందుకో ఫోన్‌లో చెప్పలేను. మాత్ర ఇప్పుడే ఆపండి. ఆయన్ని ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకురండి" అన్నాడాయన.

బయలుదేరే ముందు స్కేలు తీసి ఎనిమిదో గడి గీశాను. పైన "మనసు" అని రాసి, పెన్ను ఆమె చేతికిచ్చాను. ఆ గడి నేను నింపకూడదని అప్పటికి తెలిసింది. మూడు తేదీల ఎదురుగా రాస్తుందనుకున్నాను. మూడూ రాసింది. పైవరసకు వెళ్లింది. ఆ పేజీ అయిపోయాక వెనక్కి తిప్పింది.

"ఇన్ని రోజులా?" అన్నాను.

"రాసి చూపించమన్నారుగా" అంది తలెత్తకుండా, ఇంకో పేజీ వెనక్కి తిప్పుతూ.