నాలుకమ్మ ఎంచిన మిషన్

షాపులో ఆమెను అందరూ నాలుకమ్మ అనేవారు. ఆ పేరు పెట్టింది కాఫీ షాపు యజమాని. పంతొమ్మిదేళ్ల కిందట ఆమె అక్కడ కప్పులు కడగడానికి చేరింది. ఒక మధ్యాహ్నం ఎవరో వద్దని వెనక్కి పంపిన కాఫీని పారబోయబోతూ, ఒక గుక్క తాగి చూసింది. "సార్, ఇవి కొత్త గింజలు కావు. పాతవి కలిపి పంపారు" అంది. యజమాని నవ్వాడు. కానీ మనసు ఊరుకోక, గింజలు పంపినవాణ్ని పిలిచి నిలదీశాడు. వాడు నీళ్లు నమిలాడు. మర్నాటి నుంచి ఆమె కప్పుల తొట్టి దగ్గర లేదు, ఎస్ప్రెసో మిషన్ ముందు ఉంది.

అప్పటి నుంచి షాపులోకి ఏ గింజలు రావాలన్నా ఆమె తాగి తలూపాల్సిందే. కాఫీ తాగడానికి వచ్చినవాళ్లు కూడా "నాలుకమ్మగారు ఉన్నారా?" అని అడిగి మరీ కూర్చునేవారు. ఆమె నోరు మాత్రం పెద్దగా మెదిపేది కాదు. "నోట్లో నాలుక లేని మనిషికి నాలుకమ్మ అని పేరేమిటో!" అని వాళ్ల అత్తగారు ఎగతాళి చేసేది.

ఈ ఏడు చలికాలం చివర్లో ఆమెకు జలుబు చేసి నాలుగు రోజులు జ్వరం వచ్చింది. ఐదో రోజు పనికి వెళ్లి, అలవాటు కొద్దీ గింజల డబ్బా మూత తీసి ముఖం దగ్గరగా పెట్టుకుంది. ఏమీ లేదు. డబ్బా ఖాళీగా ఉందేమోనని లోపల చెయ్యి పెట్టి చూసింది. గింజలు చేతికి తగిలాయి.

మొదటి కప్పు తీసి తాగింది. వేడి తెలిసింది. నాలుక చివర కాస్త పులుపు, వెనకాల చేదు తెలిశాయి. ఆ రెంటి మధ్య ఉండాల్సిందంతా పోయింది. తడిసిన అట్టముక్క నమిలినట్టుంది.

జలుబుతో పాటే పోతుందిలే అనుకుని మూడు వారాలు చూసింది. ఆ తర్వాత ముక్కు డాక్టరు దగ్గరికి ఒంటరిగా వెళ్లింది. ఆయన లైటు వేసి రెండు ముక్కురంధ్రాల్లోకీ చూసి, వెనక్కి వాలి కూర్చున్నాడు.

"లోపల వాసన పట్టే నరం దెబ్బతిందమ్మా. కొందరికి నెలలో బాగవుతుంది. కొందరికి ఏడాది పడుతుంది."

"రానివాళ్లూ ఉంటారా?"

ఆయన కాగితం మీద ఏదో రాస్తూ, "ఉంటారు" అన్నాడు.

"మందేమన్నా..."

"మందు లేదు. ఓపిక పట్టడమే. మీరేం పని చేస్తారు?"

"షాపులో పని చేస్తానండీ" అంది. ఏ షాపో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఇంట్లోనూ చెప్పలేదు. భర్త సిటీ బస్సు డ్రైవరు. మనసు వెన్న, కానీ కడుపులో మాట దాగదు. పొద్దున ఆయన చెవిన పడ్డది మధ్యాహ్నానికి డిపో అంతా తిరిగి, సాయంత్రానికి మళ్లీ ఇంటికే వచ్చేది. ఇక షాపులో చెప్పడమంటే, వడ్రంగి వెళ్లి తనకు చేతులు లేవని చెప్పుకోవడమే. చెప్పుకోలేని చోట దెబ్బ తగిలిందామెకు.

పని మాత్రం నడుస్తూనే ఉంది. పద్దెనిమిది గ్రాముల పొడి తూచి, పిడి ఉన్న చిన్న గిన్నెలో అదిమి, మిషన్‌కు బిగించి, గడియారం వైపు చూసేది. ఇరవై ఎనిమిది సెకన్లలో కాఫీ సన్నటి తేనెధారలా దిగాలి. రంగు చూసేది, చప్పుడు వినేది. ఎవరూ వంక పెట్టలేదు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. ఇన్నేళ్లూ తన నాలుక మీద నిలబడిందనుకున్న పని గడియారం మీద కూడా నిలబడుతోంది!

ఇలా ఉండగా, పాతికేళ్లు ఒక్క ప్రమాదం కూడా లేకుండా బస్సు నడిపినందుకు డిపోవాళ్లు ఆమె భర్తకు శాలువా కప్పి, బహుమతిగా కొంత డబ్బిచ్చారు. ఆయన ఆ కవరు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఊరందరికీ మంచి కాఫీ పోస్తావు. ఇంట్లో మేం తాగేది సీసాలో పొడి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది మన సంగతి. దీంతో ఇంటికో ఎస్ప్రెసో మిషన్ కొందాం."

"ఎందుకండీ ఇప్పుడు? వంటగట్టు మీద చోటు లేదు."

"టేపు పెట్టి కొలిచాను. మిక్సీని పక్కకు జరిపితే సరిపోతుంది."

"కరెంటు చాలా తాగుతుందది."

"నువ్వు ఇస్త్రీపెట్టె పెట్టినంతసేపు కూడా తాగదట. కనుక్కున్నాను."

"అత్తయ్యకు అలవాటు లేదు కదా."

లోపలి గదిలోంచి అత్తగారు, "అలవాటు చేసుకుంటానులే అమ్మాయ్, నాకేం వయసైపోయిందా?" అంది.

ఆయన సంబరంగా చేతులు రుద్దుకున్నాడు. "ఏది కొనాలో మాత్రం నువ్వే చెప్పాలి. నిన్నింట్లో పెట్టుకుని ఇంకొకర్ని అడిగితే నలుగురూ నవ్వుతారు."

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ మిషన్లు అమ్మే షాపుకు వెళ్లారు. లోపల అడుగు పెట్టగానే అమ్మకాలు చూసే అతను ఆమెను గుర్తుపట్టాడు.

"మీరు నాలుకమ్మగారు కదండీ! మీ చేతి కాఫీ ఎన్నిసార్లు తాగానో!" అని మిగతావాళ్లనూ పిలిచాడు. నలుగురైదుగురు చుట్టూ చేరారు. ఆమె భర్త ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

మూడు మిషన్లు చూపించారు. మొదటిదానికి పొడవైన పిడి ఉంది, దాన్ని చేత్తో కిందికి గుంజాలి. రెండోదాంట్లో గింజలు పోస్తే అదే పొడి కొట్టి, అదే కాఫీ దింపుతుంది. మూడోది చిన్నది, మామూలు మీట నొక్కేది. పని తెలిసిన మనిషి గనక అడగాల్సినవి అడిగింది. ఆవిరి ఎంతసేపట్లో పుంజుకుంటుంది, నీళ్ల తొట్టి వెనక నుంచి తీయాలా పక్క నుంచా, పాడైతే ఇంటికొచ్చి బాగుచేస్తారా? ఇవన్నీ నాలుకతో పనిలేని ప్రశ్నలు. కానీ అమ్మకాలతను మూడు చిన్న కప్పులు నింపి ఆమె ముందు వరసగా పెట్టాడు.

"మీరు తాగి చెప్పండి మేడమ్. మీ మాట మా మిగతా కస్టమర్లకూ చెప్పుకుంటాను."

మొదటిది తాగింది. వేడి, చేదు. రెండోది తాగింది. వేడి, చేదు. మూడోది కాస్త తక్కువ వేడి.

"ఊఁ?" అన్నాడు భర్త కళ్లు పెద్దవి చేసి. ఆయన ముఖం చూసి తెలుసుకుందామంటే కుదరదు. ఆయనకు మూడూ అమృతమే.

కొంచెం అవతల ఒక పెద్దావిడ కూడా కప్పులు రుచి చూస్తోంది. నాలుకమ్మ ఆవిడ ముఖం మీదే చూపు నిలిపింది. ఒక కప్పుకు ఆవిడ పెదవి విరిచింది. ఇంకో కప్పుకు కనుబొమలు పైకి లేపి, మళ్లీ ఒక గుక్క తాగింది. ఆ కప్పు రెండో మిషన్‌ది.

"ఇది" అంది నాలుకమ్మ, రెండోదాని మీద చెయ్యి వేసి.

"చూశారా! ఒక్క గుక్కలో తేల్చేశారు" అన్నాడు అమ్మకాలతను చుట్టూ ఉన్నవాళ్లతో. బయటికి వస్తూ చూస్తే ఆ పెద్దావిడ చేతిలో చక్కెర పొట్లాలు మూడు, చింపినవి, కనిపించాయి. ఆవిడ మెచ్చింది చక్కెరనే! అప్పటికే బిల్లు కొట్టేశారు, డబ్బా ఆటోలో ఎక్కించేశారు.

ఇంటికి తెచ్చి గట్టు మీద పెట్టి, దాంతో వచ్చిన పుస్తకం తెరిచింది. మొదటి పేజీలోనే ఉంది: కొత్త వాసన పోయేదాకా తొట్టి నింపి వేడినీళ్లు పంపుతూ ఉండండి.

ఆ వాక్యం దగ్గర ఆమె చాలాసేపు ఆగిపోయింది. పోయేదాకా అంటే ఎంతసేపు? పోయిందని తనకెవరు చెప్పాలి? పక్క గదిలో అత్తగారున్నారు. ఒక్కసారి వచ్చి వాసన చూడమంటే చాలు. కానీ "నువ్వు చూసుకోలేవా?" అంటే ఏం చెప్పాలి? నాలుగు తొట్ల నీళ్లు పంపి, ఇక చాల్లే అనుకుంది.

మొదటి కాఫీ అత్తగారికి ఇచ్చింది. అత్తగారు ఒక గుక్క తాగి, కాసేపు ఆలోచించి, "బాగుంది" అంది. పెళ్లై కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆవిడ నోట ఆ మాట రావడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు, పైగా కళ్లు చెమర్చాయి.

"భలే ఉంది" అన్నాడు భర్త కప్పు ఖాళీ చేసి. పదకొండు రోజులు అలాగే గడిచాయి. పొద్దున ఒక కప్పు, సాయంత్రం ఒక కప్పు. ఎవరూ మిగల్చలేదు, ఎవరూ రెండోది అడగలేదు.

పన్నెండో రోజు ఆడపడుచు వచ్చింది. మందుల షాపులో పని చేస్తుంది. ముక్కుసూటి మనిషి, ఉన్నమాట అనేసి తర్వాత ఆలోచిస్తుంది. కప్పు అందుకుని ఒక్క గుక్క తాగి, అలాగే సింకులోకి ఉమ్మేసింది.

"ఇదేంటి వదినా, కాలిన టైరు వాసనొస్తోంది!"

అత్తగారు కిటికీ వైపు తిరిగింది. భర్త తన కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు.

"మీకు తెలియలేదా?" అంది ఆడపడుచు.

"తెలిసింది" అన్నాడు భర్త మెల్లగా. "మొదటి రోజే తెలిసింది. కానీ తను ఎంచింది కదా. మంచి కాఫీ అంటే ఇలాగే ఉంటుందేమో, మనకే అలవాటు లేదేమో అనుకున్నాను."

"అత్తయ్యా, మీరు?" అంది నాలుకమ్మ.

"నీకు తెలిసినంత నాకేం తెలుసని ఊరుకున్నానే అమ్మాయ్. మింగలేకా కక్కలేకా తాగాను."

నాలుకమ్మ గట్టు పట్టుకుని నిలబడింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపుగా మారింది.

"నాకు వాసన తెలియడం లేదు. మూడున్నర నెలలైంది. ఈ మిషన్‌ని నేను ఎంచలేదు, ఆ షాపులో ఎవరో ముసలావిడ ఎంచింది."

ముందు అత్తగారే నోరు తెరిచింది. "అందుకేనా? ఆ రోజు పాలు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, పొయ్యి పక్కనే ఉండి కూడా కదల్లేదు. నేనంటే లెక్కలేక అనుకున్నాను. వారం రోజులు నీతో మాట్లాడలేదు కూడా."

"మాట్లాడలేదని తెలుసు. ఎందుకో తెలియలేదు."

"నాకైనా చెప్పొచ్చు కదా?" అన్నాడు భర్త.

"చెబితే డిపో అంతా తెలిసేది కదండీ."

ఆయన తల దించుకున్నాడు.

మర్నాడు మిషన్ షాపుకు ఫోన్ చేశారు. వాడిన వస్తువు వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. పైగా అమ్మకాలతను ఆశ్చర్యపోయాడు. "మేడమ్ స్వయంగా ఎంచుకున్నారు కదండీ! వారికి తెలియని వాసనా?" బాగుచేసే అతను వచ్చాడు. లోపలున్న రబ్బరు చక్రం ఒకటి మార్చి, పది తొట్ల నీళ్లు పంపి, వాసన చూసి, ఇప్పుడేమీ లేదన్నాడు. అత్తగారు కొంచెం ఉందంది. భర్త ఉందో లేదో తెలియడం లేదన్నాడు. వాసన ఉంది కానీ మొదట ఉన్నది కాదు, వేరేదని ఆడపడుచు అంది. ముగ్గురి మధ్యా నాలుకమ్మ కప్పు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూసింది. ఇంట్లో అందరికంటే కాఫీ తెలిసిన మనిషి తనే, ఏ మాటా అనలేని మనిషీ తనే.

ఆ వారమే షాపు యజమానికి కూడా చెప్పేసింది. ఆయన కుర్చీలోంచి లేచి, తలుపు వేసి, మళ్లీ కూర్చున్నాడు.

"మూడున్నర నెలలుగానా?"

"అవును సార్."

"ఒక్కరు కూడా ఏమీ అనలేదమ్మా. నాకూ తేడా తెలియలేదు."

"నాకు తెలుసు కదా సార్."

"చెప్పకుండా ఉండాల్సింది" అన్నాడాయన. కోపంతో కాదు, నిజంగా బాధతో. "నువ్వు చెప్పకపోతే ఇలాగే నడిచిపోయేది. ఇప్పుడు నాకు తెలిసిపోయింది. తెలిసీ కొత్త గింజలు నీ చేతికి ఎలా ఇవ్వను? ఇవ్వకపోతే నిన్నక్కడ ఎలా నిలబెట్టను?"

సోమవారం నుంచి ఆమెను బిల్లుల దగ్గర కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు. మిషన్ దగ్గర వేరే అమ్మాయిని పెట్టారు. పాత కస్టమర్లు లోపలికొచ్చి ఆమె వైపు చూసి, "ఏంటి నాలుకమ్మగారూ, పెద్ద సీటెక్కారా?" అంటారు. ఆమె చిల్లర లెక్కపెట్టి ఇచ్చి నవ్వుతుంది.

ఇంట్లో మిషన్ అత్తగారి చేతికి వెళ్లింది. ఆవిడ గింజలు పోసి, మీట నొక్కి, మొదట తాను తాగి, "ఈ పూట ఫర్వాలేదు" అనో "ఈ పూట బాగాలేదు" అనో చెబుతుంది. నాలుకమ్మ ఆ మాట విని తన కప్పు అందుకుంటుంది.

డాక్టరు ఈమధ్య ఒక సాధన చెప్పాడు. గ్యారంటీ ఏమీ లేదని ముందే చెప్పి మరీ చెప్పాడు. నాలుగు చిన్న సీసాల్లో నాలుగు వాసనలు: నిమ్మ, గులాబీ, లవంగం, నీలగిరి తైలం. రోజుకు రెండుసార్లు కళ్లు మూసుకుని ఒక్కొక్కటీ పీల్చాలి. భర్త బస్సెక్కే ముందు కుర్చీ ఎదురుగా వేసుకుని కూర్చుని సీసాలు పట్టుకుంటాడు. ఈ సంగతి డిపోలో ఇంతవరకూ ఎవరికీ తెలియదు.

"ఇది?"

"లేదు."

"ఇది?"

"లేదండీ."

నిన్న మూడో సీసా పట్టుకున్నప్పుడు ఆమె, "లవంగం" అంది. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు.

"లవంగమే! వచ్చిందా? వాసన వచ్చిందా?"

ఆమె కళ్లు తెరిచి ఆయన ముఖం చూసింది.

"లేదండీ. ఊహించి చెప్పాను."

ఆయన మెల్లగా కూర్చున్నాడు. సీసాకు మూత పెట్టి, నాలుగోది తీశాడు.