పన్నెండు కడగని సీసాలు

మా పెద్దమ్మది పరిశోధనశాలలో గాజుసామాను కడిగే ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే తొట్టి, అదే కిటికీ. ప్రతి సీసానూ కడిగే ముందొకసారి, కడిగాక ఒకసారి వెలుతురుకి ఎత్తి చూస్తుంది. ఇంట్లో మా గ్లాసులనూ అలాగే చూస్తుంది కాబట్టి, ఆవిడ ముందు నీళ్లు తాగాలన్నా మాకు భయమే. శుభ్రం దగ్గర ఆవిడకి కోపం ముక్కు మీదే ఉంటుంది.

అలాంటి మనిషి మీద నింద పడింది.

అక్కడ ఒక విద్యార్థిని జీవకణం పైపొర మీద పరిశోధన చేస్తోంది. కొవ్వుతో అయిన ఆ పొరలో కొలెస్ట్రాల్ అంతటా ఒకేలా ఉండదట. కొన్నిచోట్ల గుమిగూడి పొరను బిగిస్తుంది, మిగతాచోట్ల పొర వదులుగానే ఉంటుంది. ఆ పిల్ల సీసాలో తయారుచేసే పొరల్లో ఆ తేడా సూక్ష్మదర్శినిలో కనబడాలి. రెండు నెలలైనా కనబడలేదు.

"సీసాలు సరిగ్గా కడగట్లేదేమో" అన్నారు పరిశోధనశాల నడిపే పెద్దసారు. సోమవారంలోగా తేలకపోతే కడిగే పని బయటివాళ్లకి ఇచ్చేస్తానన్నారు.

పెద్దమ్మ ఆ పూట భోజనం ముట్టలేదు. "పని పోతే పోనీ. నాకు కడగడం రాదన్న మాట ఎలా మొయ్యనే?" అని నా ముందు ఏడ్చింది.

మర్నాడు ఆ పిల్లని తొట్టి దగ్గరికి పిలిచింది. కిటికీ గట్టు మీద పన్నెండు సీసాలు, ఒక్కోదానికి తేదీ రాసిన చీటీ.

"ఇవి నువ్వు వాడినవే. అనుమానమొచ్చి కడగకుండా దాచాను. అడుగున చూడు."

"తెల్లగా పొట్టులా ఉందేంటమ్మా?"

"సబ్బుకి లొంగదు, వేడి స్పిరిట్‌కి కరుగుతుంది. నేను కడిగిచ్చినప్పుడు లేదు, నీ చేతిలోంచి వచ్చాకే ఉంటోంది. మరి అది నాదా, నీదా?"

ఆ పిల్ల గీకి పరీక్షించింది. కొలెస్ట్రాలే! కొవ్వులు కలిపిన ద్రావణాన్ని గంటలకొద్దీ మెల్లగా ఆరబెడుతోంది. నిదానమే ప్రధానం అనుకుంది పాపం. ఆ నిదానంలో కొలెస్ట్రాల్ మిగతా కొవ్వుల నుంచి విడిపోయి, పలుకులు కట్టి గాజుకి అంటుకుపోయింది. పొరలోకి చేరాల్సింది సీసాలోనే ఉండిపోయింది.

ఈసారి గబగబా ఆరబెట్టింది. సోమవారం ఉదయం పెద్దమ్మని లాక్కెళ్లి సూక్ష్మదర్శినిలో చూపించింది. ఆ పొరతో అయిన గుండ్రటి బుడగ మీద అక్కడక్కడ వెలుగు, అక్కడక్కడ చీకటి.

"ఇంత చిన్నదాంట్లో కూడా ఎవరి చోటు వాళ్లదేనా!" అని నోరు వెళ్లబెట్టింది పెద్దమ్మ.

పెద్దసారు తొట్టి దగ్గరికొచ్చి, "తప్పు నాదేనమ్మా" అన్నారు.

"సరేలెండి, చొక్కా తడుస్తుంది, కాస్త ఇవతలికి జరగండి" అంది.

తర్వాత ఆ పిల్ల, ఈసారి తను వాడిన సీసా తెచ్చి తానే కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "ఏమైనా ఉందా అమ్మా?"

పెద్దమ్మ కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏం లేదే!" అంది. ఇంటికొచ్చి కూడా ఆ మాటే నాలుగుసార్లు చెప్పింది. ఖాళీ సీసా గురించి అంతగా సంబరపడిన మనిషిని నేనింకెక్కడా చూడలేదు.