కుంగని నేల

ఆ భవనాన్ని కూల్చెయ్యాలని రాసి సంతకం పెట్టింది నేనే. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం నాకు తేలిక.

గచ్చిబౌలి దాటాక రెండు అద్దాల టవర్ల మధ్య ఇరుక్కుని ఉండేది ఆ పాత బీరు ఫ్యాక్టరీ. మూతపడి చాలా ఏళ్లయింది. తర్వాత కొన్నాళ్లు గోడౌనుగా కిరాయికిచ్చారు, ఆపైన ఖాళీగా వదిలేశారు. స్థలం కొన్న కంపెనీ వాళ్లు మా ఆఫీసుకు వచ్చారు. కట్టడం గట్టిగా ఉంటే ఉంచుకుంటామని, లేదంటే పడగొట్టి ఇంకో టవరు కట్టుకుంటామని చెప్పి, పరీక్షించే పని మాకు అప్పగించారు. కట్టడాల పటుత్వం చూడడం నా ఉద్యోగం కాబట్టి నన్ను పంపారు.

ఎర్రగీత వేసి ఎత్తుపల్లాలు చూపే లేజర్ లెవెల్ పట్టుకెళ్లి ఒక్క పూటలో ముగించాను. పెద్ద హాల్లో షాబాదు బండల నేల పడమటి గోడ దగ్గర కంటే తూర్పు గోడ దగ్గర జానెడు కిందికి ఉంది. తూర్పు గోడ పునాది కుంగిందని, భవనం నమ్మదగ్గది కాదని, కూల్చెయ్యడమే మంచిదని రాసి చేతులు దులుపుకున్నాను. బయట ఎండ మండిపోతోంది, క్యాబ్ వాడు రెండుసార్లు ఫోన్ చేశాడు. సాకులే ఇవి. అసలు సంగతేమిటంటే, ఆ రోజు నేను నేల చూశాను తప్ప తలెత్తి గోడలు చూడలేదు.

రిపోర్టుకు ఫొటోలు తక్కువయ్యాయని వారం తర్వాత మళ్లీ వెళ్లాను. గేటు ఎదురుగా చాయ్ బండి నడిపే ముసలామె కప్పు చేతికిస్తూ అడిగింది.

"గీ ఫ్యాక్టరీ కూలగొడ్తరంట గదా బిడ్డా. ఎందుకు?"

"నేల కుంగిందమ్మా. తూర్పు వైపు జానెడు దిగింది."

"ఎవలు చెప్పిన్రు?"

"నేనే చెప్పాను."

ఆమె నవ్వింది. నవ్వి, పక్కన నిలబడ్డ ఇద్దరు ఐటీ పిల్లల ముందే నన్ను నిలదీసింది.

"కుంగుడేంది? గది అట్లనే కట్టిన్రు. దినాం గంగాళాలు కడిగితే గన్ని నీళ్లు ఏడికి పోవాలె? గా గోడ పొంటి మోరీ ఉండె. గోడౌను పెట్టినోళ్లు దాన్ని సిమెంటుతోటి మూసిన్రు. ఇరవై ఏండ్లు గా నేల కడిగిన నేను. చీపురు ఊకె పట్టుకోని నిలవడితే సాలు, నీళ్లు వాటంతటవే పోతుండె."

నాకు తల కొట్టేసినట్టయింది. చాయ్ సగంలో వదిలేసి లోపలికి నడిచాను.

గోడ కుంగితే దానితో పాటు కిటికీలూ కుంగాలి. ఇంత చిన్న లెక్క నాకు మొదటిరోజు తట్టలేదు. లేజరు మళ్లీ బిగించి ఈసారి కిటికీల మీదికి తిప్పాను. ఎర్రగీత తూర్పు గోడ కిటికీల అడుగు బండల మీదుగా వెళ్లి పడమటి గోడ కిటికీలనూ అదే ఎత్తున తాకింది. వెంట్రుకవాసి తేడా లేదు. కాపలాదారు దగ్గర గునపం అడిగి తీసుకుని, తూర్పు గోడ వారన సిమెంటు పగలగొట్టాను. అడుగున నీళ్లు పోయే రాతి మోరీ ఉంది. లోపలి రాయి నీళ్లకు అరిగి నున్నగా ఉంది.

అప్పుడు తలెత్తి చూశాను. కిటికీ పక్కన ఇటుకలు ఊడిన చోట తెలిసింది, గోడ ఒకటి కాదు, మధ్యలో మూరెడు ఖాళీ వదిలి కట్టిన రెండు గోడలు, బయటి వేడి లోపలికి రాకుండా. కప్పు నడినెత్తిన ఇంకో చిన్న కప్పు, కాగే గంగాళాల ఆవిరి పైకి పోవడానికి. ఎండాకాలం మధ్యాహ్నం, ఫ్యాను కూడా లేని ఆ హాలు చల్లగా ఉంది. ఇంత తెలిసి కట్టినవాళ్లకు నేల సమంగా పరచడం రాలేదని నేను తీర్పు చెప్పాను! నా మీద నాకే ఒళ్లు మండింది.

మర్నాడు మా ఆఫీసు పెద్దాయనకు రెండో రిపోర్టు ఇచ్చాను. ఆయన మంచివాడే, మా కాకినాడ వైపు మనిషే.

"మనం రాసింది మనమే కాదంటే రేపు మనల్నెవరు నమ్ముతారమ్మా?"

"నమ్మకపోతే మానేస్తారండి. నా తప్పుకి ఆ గోడ కూలకూడదు."

"సరే, పంపిద్దాం. కానీ ఈ ఒక్క వాక్యం తీసెయ్. ఇంజనీరు రిపోర్టులో నేల కడిగిన మనిషి మాటేమిటి? చూసి నవ్వుతారు."

"అది తీసేస్తే నా సంతకమూ తీసెయ్యండి."

చిన్నప్పటి నుంచీ నన్ను మొండిఘటం అని తిట్టిన మా అమ్మ ఆ క్షణాన గుర్తొచ్చింది. పెద్దాయన ఆ కాగితాలు అలాగే కవర్లో పెట్టాడు. వాక్యం ఉండిపోయింది.

కంపెనీ వాళ్లను హాల్లోకే రమ్మన్నాను. కిటికీల మీద ఎర్రగీత చూపించాను, తవ్విన మోరీ చూపించాను, నా మొదటి రిపోర్టు తప్పని వాళ్ల ముందే చెప్పాను. రెండు వారాల తర్వాత కబురొచ్చింది. భవనం ఉంచుతున్నారు, అందులో ఉద్యోగుల క్యాంటీన్ పెడతారట.

ఆ సాయంత్రమే రిపోర్టు పట్టుకుని చాయ్ బండి దగ్గరికి వెళ్లాను. ఆమెకు చదువు రాదు. నేనే చదివి వినిపించాను: "నేల వాలు లోపం కాదు, కట్టుబడిలో భాగం. ఈ సంగతి ఇక్కడ ఇరవై ఏళ్లు నేల కడిగిన కార్మికురాలు చెప్పగా తెలిసింది."

ఆమె పొయ్యి మంట తగ్గించింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ కాగితం మీద వేలు పెట్టింది.

"ఏడ రాసి ఉన్నది నా ముచ్చట?"

వేలు పట్టుకుని సరిగ్గా ఆ వరుస మీద పెట్టాను.

"ఇంకోపారి సదువు బిడ్డా," అంది. మళ్లీ చదివాను.