మల్లన్న బండికి కొత్త బ్రేకులు

ఇవాళ మధ్యాహ్నం ఉధ్నా వంతెన దిగుతుంటే ముందున్న లారీ నుంచి కాలిన బ్రేకుల వాసన గుప్పుమంది. ఎవరైనా ముక్కు మూసుకుంటారు. నేను మాత్రం అద్దం పూర్తిగా దించాను. మల్లన్న పక్కన కూర్చున్న ఆరేళ్లూ నేను పీల్చింది అదే. మగ్గాలకెక్కించే బీములను, అంటే నూలు చుట్టిన బరువైన ఇనుప రోలర్లను, కార్ఖానాలకు చేరవేసే పాత వ్యాను ఆయనది. ముప్పై ఏళ్లు దాటాక మగ్గం పని పోయి నేను రోడ్డున పడితే, పిలిచి పనిచ్చాడు, డ్రైవింగ్ నేర్పాడు. కానీ స్టీరింగు మాత్రం తనదే.

ఆ బండి వయసులో నాకంటే పెద్దది. నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ బ్రేకులే. ఆపాలంటే రెండుసార్లు తొక్కి, మూడోసారి సీటు మీంచి లేచి బలమంతా వేయాలి. "ఆగవే తల్లీ, జర ఆగు" అని బతిమాలేవాడు. భార్య పోయింది, పిల్లల్లేరు, నవాగామ్‌లో ఒంటి గది. పొద్దంతా ఆయన మాట్లాడింది నాతోనూ ఆ బండితోనూ మాత్రమే. అలాంటి మనిషి ఒకరోజు మోకాలు పట్టుకుని కూలబడ్డాడు.

"ఇగ తొక్కుడు నాతోని కాదురా. బండి పక్కకు పెడత."

"పక్కకు పెట్టి ఏం చేస్తవన్నా?"

"ఏం చేస్త? గోడలు చూసుకుంట కూసుంట."

నా నోరు ఊరుకుంటేనా! ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, పెడల్ తేలికయ్యేందుకు బూస్టర్ వేయిద్దామని వెంటపడ్డాను. "కాలు ఆనిస్తే సాలు, ఆగుతది. ఇంకో పదేండ్లు నడుపుతవన్నా" అన్నాను. ఉధ్నాలో మేస్త్రీ నాలుగు రోజులు కష్టపడి బిగించాడు. ఖాళీ బండిని గల్లీలో మెల్లగా నడిపి ఆపి, మల్లన్న పగలబడి నవ్వాడు. అంత సంతోషం ఆయన ముఖంలో మళ్లీ చూడలేదు.

మర్నాడు మూడు బీములు ఎక్కించాం. ఎప్పటిలాగే ఒక్క తాడుతో కట్టాను. పాత బ్రేకులకు అది చాలు, ఆ బండి ఏనాడూ ఉన్నపళంగా ఆగిందే లేదు. కొత్త బ్రేకులకు చాలదన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. దారిలో ఒక స్కూటరు అడ్డం వచ్చింది. మల్లన్న కాలు పాత అలవాటుతో బలంకొద్దీ తొక్కేసింది. బండి ఉన్నచోటే టక్కున ఆగింది. తాడు తెగి, ఒక బీము మా వెనక రేకును చీల్చుకొచ్చి, నా మెడకు జానెడు దూరంలో ఆగింది. పైప్రాణాలు పైనే పోయాయి.

"తప్పు నాదన్నా, తాడు నేనే కట్టిన" అన్నాను.

"తాడు సంగతి ఇడిసిపెట్టు. ఈ కాలు మెల్లగ తొక్కుడు ఇగ నేర్వది. నీకేమన్నయితే నేనేం గావాలె?" అని తాళాలు నా చేతిలో పెట్టాడు. పదేళ్లన్నాను. ఆయన నడిపింది ఒక్క రోజు.

ఒక ఆదివారం బలవంతంగా అదే బండిలో డుమస్ సముద్రతీరానికి తీసుకెళ్లాను. దారి పొడుగునా, ఎదురుగా ఏది వచ్చినా ఆయన కుడికాలు పెడల్ లేని చోట ఉత్త రేకును తొక్కుతూనే ఉంది. వేడి వేడి టమాటా భజియాలు తెస్తే ఒక్కటీ ముట్టలేదు. "మంచిగనే నడుపుతున్నవ్ రా. కానీ గీ పక్క సీట్ల కూసుంటే పానం తీస్తున్నట్టున్నది. నన్ను మల్ల పిలువకు" అన్నాడు.

ఆయన వద్దన్నది బండిలోకి పిలవడం. నేను ఇంటికి వెళ్లడమే మానేశాను. వద్దన్నాడుగా అని నాకు నేను చెప్పుకున్నాను గానీ, నిజానికి ఆ ముఖం చూడలేక సిగ్గుతో తప్పించుకున్నాను. ఐదు నెలలు. ఆయన గదికి మూడు కిలోమీటర్ల దూరంలో రోజూ బీములు మోసుకుంటూ తిరిగాను. ఇరుగుపొరుగు కబురు పెట్టేసరికి అంతా అయిపోయింది. పోయే ముందు రోజు కూడా సాయంత్రం దాకా గుమ్మంలోనే కూర్చున్నాడట.

ఇప్పుడెవరైనా నన్ను రావొద్దంటే, నాలుగు రోజులాగి వెళ్తాను. కొందరు విసుక్కుంటారు, కొందరు తలుపు తీయరు. అయినా బయట నిలబడి, పేరు పెట్టి మళ్లీ పిలుస్తాను.